తెగ సమీక్షా మండలి ముందు ఒక రీసెర్చ్ నర్సు: నా అనుభవం

అమెరికా వాయవ్య ప్రాంతంలోని ఒక మూలవాసీ తెగతో కలిసి మా విశ్వవిద్యాలయ బృందం చేపట్టదలచిన మద్య వ్యసన చికిత్సా పరిశోధనకు ఆ తెగ సమీక్షా మండలి (తమ ప్రజలపై జరిగే పరిశోధనలను పరిశీలించి అనుమతించే తెగ సొంత సంఘం) ఆమోదం నిన్న సాయంత్రం అందింది. ఆ బృందంలో నేను రీసెర్చ్ నర్సును. ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తూ పరిశోధన వైపు రావాలనుకుంటున్న తెలుగు నర్సులు ఎక్కడ చిక్కుకుపోతారో, కోపం చల్లారకముందే చెప్పాలని ఇది రాస్తున్నాను.

మానవులపై పరిశోధనకు సంబంధించిన ఆన్‌లైన్ శిక్షణ, లైసెన్సు పత్రాలు, మూత్రం వంటి పరీక్షా నమూనాల రవాణా శిక్షణ: ఇవేవీ కష్టం కాదు. విశ్వవిద్యాలయ నైతిక సమీక్షా సంఘం కూడా కొన్ని అచ్చుతప్పులు దిద్దించి ఆమోదం ఇచ్చేసింది.

చికిత్సా పద్ధతి ఏమిటో చెప్పకపోతే తరువాతి గొడవ అర్థం కాదు. మద్యం మానాలనుకునేవారు వారం వారం క్లినిక్‌కు వచ్చి మూత్ర పరీక్ష చేయించుకుంటారు. మద్యం జాడ కనబడకపోతే బహుమతి గెలుచుకునే అవకాశం వారికి దక్కుతుంది. ఊపిరి పరీక్ష కొద్ది గంటల కిందటి తాగుడునే పట్టిస్తుంది కనుక, రెండు మూడు రోజుల వెనకటి తాగుడును కూడా చూపగల ఇథైల్ గ్లూకురోనైడ్ (మద్యం నుంచి శరీరంలో తయారై మూత్రంలో కనబడే పదార్థం) పరీక్షను వాడతాము. ఈ పద్ధతిని మూలవాసీ సముదాయాలకు తగినట్టు మలచి జరిపిన ఒక పరిశోధన 2021లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. బహుమతులు పొందిన వర్గంలో మద్యం జాడ లేని పరీక్షలు ఎక్కువగా వచ్చాయని అందులో తేలింది. తగినట్టు మలచడమంటే కరపత్రం మీద మూలవాసుల గుర్తుగా ఈక బొమ్మ అచ్చువేయించడమేనని మా బృందంలో కొందరు నిజంగానే అనుకున్నారు. వారు వేసిన బహుమతుల జాబితాలో హెడ్‌ఫోన్లు, కాఫీ కప్పులు ఉండేవి. తెగ సలహా బృందం వాటిని కొట్టివేసి, పూసలు గుచ్చే సామగ్రిని, చేపల వేట సరంజామాను, పెట్రోలు కార్డులను చేర్చింది.

ఈలోగా విశ్వవిద్యాలయ కార్యాలయంలోని ఒక అధికారి, ఫెడరల్ నిబంధనల ప్రకారం ఒక్క సమీక్షా సంఘం ఆమోదం చాలు కనుక తెగ మండలి దగ్గరకు వెళ్లనక్కరలేదని తేల్చి చెప్పాడు. నిబంధన ఉన్న మాట నిజమే. అయితే తెగ చట్టం తన సమీక్ష తప్పనిసరి అన్నచోట అది వర్తించదని అదే నిబంధనలో స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యాన్ని వెతికి పట్టి ఆయన ముందు పెట్టింది న్యాయవాదులు కాదు, ప్రొఫెసర్లు కాదు, నేనే. ఈ సంగతి ఎవరూ ఎక్కడా రాయరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

ఇక తెగ మండలితో జరిగిన సమావేశం. ప్రార్థన ముగిశాక మా ప్రధాన పరిశోధకుడు స్లైడ్లు చూపిస్తూ చాలాసేపు మాట్లాడారు. సభ్యులు ఓపికగా విన్నారు, ఆ తరువాత ప్రశ్నలన్నీ నా వైపు తిప్పారు. బడ్జెట్‌లో నా పేరు ఎదుట ‘నమూనాల సేకరణ’ అన్న మాట తప్ప మరేమీ లేదు గానీ, రేపు తమ మనుషులకు ఎదురుగా కూర్చోబోయేది ఎవరో ఆ సభ్యులకు మా బృందం కంటే బాగా తెలుసు.

రోజూ తాగే మనిషి బహుమతి కోసం ఒక్కసారిగా మానేసి, ఆ రాత్రి ఇంట్లో ఫిట్స్ తెచ్చుకుంటే ఏం చేస్తారని ఒకాయన అడిగారు. చేర్చుకునే ముందే ప్రతి ఒక్కరినీ వణుకు, చెమట, గుండె వేగం చూసి అంచనా వేస్తామని, గతంలో ఫిట్స్ గానీ మతిభ్రమణ గానీ వచ్చినవారిని ముందుగా వైద్య పర్యవేక్షణలో మాన్పించాకే తీసుకుంటామని జవాబిచ్చాను. మా బృందంలోని మనస్తత్వ శాస్త్రజ్ఞులు రాసిన మొదటి ప్రోటోకాల్‌లో (పరిశోధన ప్రణాళికలో) ఈ ఊసే లేదు. పట్టుబట్టి చేర్పించింది నేను. మద్యం కలిసిన మౌత్‌వాష్ వాడినా పరీక్ష తప్పు చూపవచ్చు కదా అన్నదానికీ, ఫలితం కోర్టుకో శిశు సంక్షేమ శాఖకో చేరుతుందా అన్నదానికీ సమాధానాలు ఉన్నాయి. ఫెడరల్ గోప్యతా ధ్రువపత్రం ఉన్నందున కోర్టు అడిగినా వివరాలు ఇవ్వకూడదని చెప్పి, పిల్లలపై హింస జరుగుతోందని తెలిస్తే మాత్రం నర్సుగా నేను తెలియజేయక తప్పదని కూడా దాచకుండా చెప్పాను.

అప్పుడు మండలిలోని ఒక పెద్దావిడ, పరిశోధనలో చేరేవారు సంతకం చేసే సమ్మతి పత్రం చివరి పేజీ తీసి, ఒక వాక్యాన్ని నన్ను పైకి చదవమన్నారు. ‘మిగిలిన నమూనాలను భవిష్యత్తులో ఇతర పరిశోధనలకు ఉపయోగించవచ్చు.’ మళ్లీ చదవమన్నారు, చదివాను. ఆ ఇతర పరిశోధన ఏమిటని అడిగారు. తెలియదన్నాను. మరి ఎవరికి తెలుసునని అడిగితే, నేను ప్రధాన పరిశోధకుడి వైపు చూశాను. ఆయన తన కాగితాలు సర్దుకుంటున్నారు. “ఏమిటో మీకే తెలియని పనికి మా వాళ్ల చేత సంతకం పెట్టించేది మాత్రం మీరే కదా” అన్నారావిడ. ఇన్నేళ్ల నర్సింగ్‌లో డాక్టర్ల చేతా, రోగుల బంధువుల చేతా ఎన్నో మాటలు పడ్డాను. కానీ అంతమంది ఎదుట, నేను రాయని వాక్యానికి, న్యాయంగా అడిగిన ప్రశ్నకు, నోట మాట రాక నిలబడడం అదే మొదలు. ఆ వాక్యం విశ్వవిద్యాలయం ప్రతి సమ్మతి పత్రానికీ అంటించే అచ్చు నమూనాలోది. దాన్ని తీసేయమని నేను ముందే కోరితే, ఇలాంటి పత్రాలు చూసే విశ్వవిద్యాలయ ఒప్పందాల కార్యాలయం కుదరదంది.

ఆవిడ అనుమానం ఊరికే పుట్టలేదు. గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవాసుపాయ్ తెగవారు 1990లో మధుమేహ పరిశోధన కోసమని నమ్మి ఇచ్చిన రక్తాన్ని, వారికి తెలియకుండానే స్కిజోఫ్రేనియా మీద, తెగ వలసల మీద అధ్యయనాలకు వాడారు. కోర్టుకెక్కిన ఆ వివాదం 2010లో 7 లక్షల డాలర్ల పరిహారంతో, మిగిలిన నమూనాలను తెగకు తిరిగి ఇవ్వడంతో ముగిసింది. అలాస్కాలోని బారో పట్టణంలో 1979లో జరిగిన మద్యపాన అధ్యయనం ఫలితాలైతే దేశమంతటా పత్రికలకెక్కి, అక్కడి మూలవాసులైన ఇనూపియాట్ ప్రజలను తాగుబోతులుగా చిత్రించాయి. మద్యం గురించి మాట్లాడడానికి ఒక కొత్త బృందం వచ్చిందంటే వారికి గుర్తుకు వచ్చేవి ఇవే.

మండలి మా దరఖాస్తును తిప్పి పంపింది. తరువాతి వారాలన్నీ ఒప్పందాల కార్యాలయంతోనే గడిచాయి. ఒకరు సెలవులో ఉంటారు, వారి బదులు చూసేవారికి విషయం తెలియదు, తెలిసినవారికి సంతకం చేసే అధికారం ఉండదు. చివరికి, ఆ వాక్యం పోకపోతే తెగ భూభాగంలో పరిశోధన జరగదని, జరగకపోతే గ్రాంటు సొమ్ము వెనక్కి పోతుందని నేను రాసి పంపాక చలనం వచ్చింది. సొమ్ము మాట ఎత్తేదాకా న్యాయం మాట వారి చెవికెక్కలేదు. ఇప్పుడు పరీక్ష పూర్తికాగానే నమూనాలను ధ్వంసం చేస్తాము. పరిశోధనలో సేకరించిన వివరాలపై యాజమాన్యం తెగదే. ఏ వ్యాసమైనా ముందుగా మండలి చదివాకే పత్రికకు వెళ్తుంది.

మీకు నేను చెప్పగలిగేది: గ్రాంటు రాసే దశలోనే నర్సును కూర్చోబెడతారా అని ఉద్యోగంలో చేరకముందే అడగండి, లేదంటే చేరకండి. సమ్మతి పత్రంలో మీరు సొంత మాటల్లో వివరించలేని వాక్యం ఒక్కటి ఉన్నా సమావేశానికి వెళ్లకండి. ఒప్పందాల కార్యాలయంతో ఫోన్‌లో మాట్లాడకండి, ప్రతిదీ ఈమెయిల్‌లోనే ఉండాలి. తెగ మండళ్లే ఆలస్యం చేస్తాయని విశ్వవిద్యాలయాల్లో చెప్పుకుంటారు. మా మండలి ప్రతిసారీ చెప్పిన రోజుకే జవాబిచ్చింది.

వచ్చే వారం క్లినిక్‌లో పరీక్షా యంత్రాన్ని అమరుస్తున్నాము. ఆమోద పత్రం స్కాన్ ప్రతి చెల్లదని, సిరా సంతకం ఉన్న అసలు ప్రతే కావాలని ఒప్పందాల కార్యాలయం ఈ ఉదయం కబురు పంపింది.