జ్ఞాపకంలో ఆ ‘ప’ ఎక్కడిది?

జ్ఞాపకం అంటే మనకు మనసులో నిలిచి ఉండేది. సంస్కృతంలో మాత్రం జ్ఞాపకం అంటే తెలియజేసేది. పాణిని సూత్రాల్లో నేరుగా చెప్పని నియమం ఒకటి ఉందని పట్టిచ్చే ఆధారాన్ని వ్యాఖ్యాతలు జ్ఞాపకం అన్నారు. మనసులో నిలిచేదానికి సంస్కృతంలో మాట స్మృతి.

విడదీసి చూస్తే సంగతి తేలుతుంది. జ్ఞా అంటే తెలుసుకోవడం. ప్రేరణార్థకంలో దానికి ‘ప’ వచ్చి చేరి జ్ఞాపి అవుతుంది, అంటే తెలిసేలా చేయడం. దాని మీద ‘అక’ చేరితే జ్ఞాపక. స్థాపకుడిలో, అధ్యాపకుడిలో ఉన్నదీ ఈ పకారమే. ఇదే లెక్కన వ్యాపకాన్నీ ప్రాపకాన్నీ విడగొట్టబోతే బోల్తా పడతాం, అక్కడి ప ‘ఆప్’ ధాతువుది.

పాత అర్థం పూర్తిగా పోలేదు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో సన్మానం చేసి శాలువాతో పాటు చేతిలో పెట్టే జ్ఞాపిక అలాంటిదే, చూడగానే ఆ రోజును తెలియజేసే వస్తువు. హిందీలో జ్ఞాపన్ అంటే వినతిపత్రం. తమిళులు ఞాపకం అన్నా, కన్నడిగులు జ్ఞాపక అన్నా అర్థం మనదే. తెలంగాణలో వినిపించే యాది వేరే దారిన, పారసీ నుంచి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట గుర్తు. పాత రూపం గుఱుతు. పాత నిఘంటువుల్లో గుర్తు దొరక్కపోతే బండి ఱతో గుఱుతు అని వెతకండి. గుఱి దీని చుట్టమే, తమిళంలో కుఱి. అసలు అర్థం ఆనవాలు. ఎన్నికల గుర్తులో ఇప్పటికీ ఆ అర్థమే. బెజవాడ సందుల్లో పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఫోన్ చేసి “కొండగుర్తు ఏమన్నా చెప్పండి సార్” అంటే గుడో, వేపచెట్టో, నీళ్ల ట్యాంకో చెబుతాం. లెక్కల మాస్టారు సూత్రం మర్చిపోకుండా చెప్పే కిటుకు కూడా కొండగుర్తే. అంటే జ్ఞాపకం, గుర్తు రెండూ బయట ఉండి తెలియజేసే ఆనవాలు దగ్గర బయల్దేరి మనసులోకి చేరిన మాటలు.

అలాగని ఒకదాని చోట ఒకటి పెట్టేయలేం. మనిషిని గుర్తుపడతాం, జ్ఞాపకం పట్టం. చిన్ననాటి జ్ఞాపకాలు వేరు, చిన్ననాటి గుర్తులు వేరు: రెండోది వింటే మోకాలి మీద మచ్చో, పాత ఫొటోనో తడుతుంది. ‘ఇక్కడ గుర్తు పెట్టు’ అంటే కాగితం మీద గీత గీయాలి. ‘గుర్తు పెట్టుకో’ అంటే మర్చిపోకూడదు. ఒక్క ‘కో’ చేరి గీతను కాగితం మీంచి మనసులోకి తెచ్చేసింది!

ఇక రాత సంగతి. ‘ఙ్ఞాపకం’ అని తరచూ కనిపిస్తుంది, అది తప్పు. ఙ కవర్గంలో చివరిది. మనకు కావలసింది చ ఛ జ ఝ ఞ లోని ఞ, అదీ జ కింద వత్తుగా. ఫోన్‌లో జ, పొల్లు, ఞ వరసలో కొట్టాలి. నోటితో గ్యాపకం అనో గ్నాపకం అనో అంటాం కాబట్టి కొందరు గ తోనే మొదలుపెడతారు. మాట్లాడేటప్పుడు ఎలా పలికినా ఫరవాలేదు, రాసేటప్పుడు మాత్రం జ దగ్గరే మొదలుపెట్టండి.