పుణ్యగిరిలో నేను కనిపెట్టని ఫెర్న్

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం, అటవీశాఖ పర్మిషన్ తీసుకుని శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరికి వెళ్లాను. ధార దాటి కాస్త పైకెక్కితే, రాతి పగులులో జానెడు ఫెర్న్, అదే పువ్వు పూయని ఆకుమొక్క. ఆకు తిప్పితే అడుగున సున్నం పూసినంత తెలుపు. మేకలు కాస్తున్న మామ్మ ఒకావిడ "ఇదేటమ్మా, దీనికోసం ఇంత దూరం వచ్చినావా?" అని నవ్వి, ఓ ఆకు తెంపి నా ముంజేతికి గట్టిగా అదిమింది. తీసి చూస్తే ఆకు ఆకంతా తెల్లటి అచ్చు! చిన్నప్పుడు ఇదే ఆటట ఆవిడకి.

నా దగ్గరున్న పుస్తకంలో తెల్లపొడి ఫెర్న్ అంటే ఫారినోసా ఒక్కటే. వర్ణన చూస్తే అతకలేదు. అంతే, నా బుర్రలో కొత్త జాతి పుట్టేసింది. పేరూ పెట్టేశాను, విజయనగరెన్సిస్ అని. సిగ్గులేకుండా నోట్‌బుక్ అట్ట మీద నాలుగుసార్లు రాసుకున్నాను కూడా.

మా మేడం నమూనా చూసి అడిగింది ఒక్కటే: "రైజోమ్ ఏదీ?" ఆకులైతే కోసుకొచ్చాను గానీ మట్టిలో ఉండే కాండం ఊసే తలుచుకోలేదు. దాని మీది పొలుసులు చూడకుండా ఈ గుంపులో పేరు తేల్చలేమట. మళ్లీ వెళ్లాను. ఈసారి ముసురు. ఆరడానికి న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి రెండ్రోజులు పేపర్లు మార్చకపోయేసరికి బూజు పట్టేసింది. మూడోసారి తెచ్చినదానికి రోజూ పేపర్లు మార్చాను, ఆ పేపర్లని ఇస్త్రీ పెట్టెతో వేడిచేసి మరీ.

పొలుసు మైక్రోస్కోప్ కింద పెడితే మధ్యలో ముదురు గీత, అంచులు లేత గోధుమ రంగు. ఆకు అంచు లోపలికి మడుచుకుని సిద్ధబీజాలని, అంటే ఫెర్న్‌కి విత్తనాల బదులు ఉండే పొడిలాంటి కణాలని, కప్పుకుని ఉంది. అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. కొత్త జాతి అనాలంటే లాటిన్‌లోనో ఇంగ్లిష్‌లోనో వర్ణన రాసి, టైపు నమూనా, అంటే ఆ పేరుకి ఆధారంగా ఉంచే మొక్క, హెర్బేరియంలో (ఎండు మొక్కలు దాచే చోట) పెట్టాలి. అంతకన్నా ముందు పాత పేర్లన్నీ తవ్వాలి. తవ్వితే తేలిందేమిటంటే, ఫారినోసా అనేది ఫోర్స్కాల్ అనే వృక్షశాస్త్రవేత్త వర్ణించిన యెమెన్ మొక్క, 1775 నాటి పేరు. మన మొక్కలకి ఆ పేరు అలవాటుగా అంటుకుపోయింది. నాది వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ పెట్టిన, 1844లో అచ్చయిన 'బైకలర్' అనే పేరుకి సరిపోయింది. ఒకప్పుడు మన సామర్లకోటలో పనిచేసిన ఆ రాక్స్‌బర్గే! అది అచ్చయ్యేనాటికి ఆయన పోయి దాదాపు ముప్పయ్యేళ్లు.

షీటు మీద లేబుల్ అంటించాను: అలూరిటాప్టెరిస్ బైకలర్, పుణ్యగిరి, రాతి పగులు. నోట్‌బుక్‌కి మాత్రం కొత్త అట్ట వేసుకున్నాను.