బండి చేసినవాళ్ళ ఇంటిపేర్లు, జర్మనీ పటం మీద

"ఇంటిపేరు అడిగి మనిషి పుట్టుక లెక్కగట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు." ఇక్కడ జర్మనీలో కొత్తగా చేరిన తెలుగు కుర్రాణ్ణి మనవాళ్ళు అలవాటుగా "ఇంటిపేరేంటి బాబూ, ఏ ఊరు మీది?" అని పలకరిస్తే, ఏమడిగారో తెలుసుకుని మరీ ఒక జర్మన్ పెద్దాయన అన్న మాట ఇది. నెమ్మదిగానే అన్నారు, అయినా గుచ్చుకుంది. ఆయన సొంత ఇంటిపేరు కూడా ఒకప్పుడు బండ్లు చేసేవాళ్ళకి పడ్డదే. పైగా ఈ దేశంలో ఆఫీసులో, ఆసుపత్రిలో, బడిలో మనిషిని పిలిచేదే ఇంటిపేరుతో. మన దగ్గర అసలు పేరు పక్కన 'గారు' చేరిస్తే మర్యాద. ఇక్కడ మన 'శ్రీ' లాంటి 'హెర్' తర్వాత ఇంటిపేరు రావాల్సిందే. రోజంతా ఒకరినొకరు ముత్తాతల పనితో పిలుచుకునేవాళ్ళు మనకి ఈ మాట చెప్పడమేమిటని అనిపించక మానదు. ఆయన మాటలో నిజమెంతో తూచాలంటే ముందు ఆ పేర్ల సంగతి తెలియాలి.

జర్మనీలో ఎక్కువమందికున్న ఇంటిపేర్లు వరసగా తీస్తే ముల్లర్ పిండిమరవాడు, ష్మిట్ కమ్మరి, ష్నైడర్ దర్జీ, ఫిషర్ చేపలు పట్టేవాడు, వెబర్ నేతగాడు. మైయర్ పెద్ద కమతం చూసుకునేవాడు. ఏడో పేరు వాగ్నర్. ఆ తర్వాత బెకర్ రొట్టెలు కాల్చేవాడు, షుల్జ్ ఊరి పెద్ద, హాఫ్‌మన్ దొరల కమతంలో సేద్యం చేసేవాడు. మొదటి పదిలో ఊరి పేరు నుంచి వచ్చినది ఒక్కటీ లేదు. అన్నీ పనులు, కాకపోతే పదవులు.

ఈ పదింటిలోనూ పటం మీద చూడదగ్గది వాగ్నర్. వాగన్ అంటే బండి, వాగ్నర్ అంటే బండి చేసే వడ్రంగి. అదే పని చేసిన మనిషికి ఉత్తరాన ఒక పేరు, పడమట ఇంకో పేరు, తూర్పున మరో పేరు పడ్డాయి. ఎందుకో తెలియాలంటే చక్రం ఎలా కట్టేవాళ్ళో చూడాలి.

చక్రం నడుమ ఉండే మొద్దుకి ఎల్మ్ చెట్టు కర్ర వాడేవాళ్ళు. దాని నార ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటుంది కాబట్టి చుట్టూ పన్నెండు తొర్రలు తొలిచినా చీలిపోదు. మొద్దు నుంచి అంచుదాకా వెళ్ళే పుల్లలకి, అంటే ఆకులకి, ఓక్ కర్ర. దాన్ని రంపంతో కోయరు, నార వెంబడి చీలుస్తారు. రంపం నారని అడ్డంగా తెంపితే బరువు పడ్డప్పుడు ఆకు అక్కడే విరుగుతుంది. చుట్టూ వచ్చే వంపు చెక్కలకి యాష్ గాని, బీచ్ గాని. ఒక్కో వంపు చెక్కకి రెండేసి ఆకులు, అంటే పన్నెండు ఆకుల చక్రానికి ఆరు చెక్కలు. ఆ చెక్కల అతుకుల దగ్గర సన్నటి సందు కావాలనే వదులుతారు. చక్రం చుట్టుకొలత కంటే కాస్త చిన్నదిగా చేసిన ఇనప పట్టాని కమ్మరి ఎర్రగా కాల్చి ఎక్కించి, వెంటనే నీళ్ళు పోస్తాడు. పట్టా ముడుచుకుంటూ ఆ సందుల్ని మూసేస్తుంది, ఆకులు మొద్దులోకి బిగుస్తాయి. సందు అసలు వదలకపోతే పట్టా బిగువంతా చెక్కల మీదే ఆగిపోయి ఆకులు వదులుగా మిగిలిపోతాయి. ఎక్కువ వదిలితే చక్రం పళ్ళెంలా మరీ లోతుగా వంగిపోతుంది. కొద్దిపాటి పళ్ళెం వంపు మాత్రం ఉండి తీరాలి. గుర్రం అడుగు వేసినప్పుడల్లా బరువు అటూ ఇటూ ఊగుతుంది, ఆ పక్కతోపుని కాసేది ఆ వంపే. కర్ర పూర్తిగా ఆరకుండా కట్టిన చక్రం మొదటి వేసవికే కుంచించుకుపోయి పట్టా ఊడిపోతుంది. అప్పుడు రైతు చక్రాన్ని చెరువులో నానబెట్టాల్సిందే. తుమ్మ కర్ర చక్రాలకి మన ఊళ్ళలోనూ ఇదే వైద్యం. అక్కడా ఇక్కడా కర్రపని ఒకరిది, పట్టా పని మరొకరిది.

ఇంత పనిలో ఏ భాగం పట్టుకుని పేరు పెట్టారన్నదే ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా. దక్షిణాన, మధ్య జర్మనీలో మొత్తం బండినే పట్టుకున్నారు, వాగ్నర్ అయింది. వాయవ్యాన వెస్ట్‌ఫాలియాలో చక్రాన్ని పట్టుకున్నారు, రాడెమాఖర్ అయింది. అదే కాస్త దక్షిణంగా రైన్ నది వైపు, ఆఖెన్, ఐఫెల్ కొండల దగ్గర మధ్యలో ఒక 'ర్' చేరి రాడర్‌మాఖర్. సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లోకి వెళ్తే రాడెమాకర్. కొలోన్, ఆఖెన్ చుట్టుపక్కల ఇరుసు పట్టుకున్నవాళ్ళు ఎస్సర్లు, ఆసెన్‌మాఖర్లు. ఎస్సర్ అనే పేరు చూసి నేటి జర్మన్లే 'తినేవాడు' అని నవ్వుతారు. తిండికీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఆ ప్రాంతపు పాత యాసలో ఇరుసుని అన్న మాట నుంచి వచ్చిందది. తూర్పున సాక్సనీ, ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉన్న సిలీసియా వైపు వంపు చెక్కలు చెక్కేవాడు ఫెల్గెన్‌హౌవర్. ఈశాన్యాన బండి కింది చట్రం చేసేవాడు ష్టెల్‌మాఖర్. ఈ చివరి మాట పనివాడి పేరుగా ఉత్తరాన, తూర్పున చాలా దూరం పాకింది, కానీ ఇంటిపేరుగా వాగ్నర్ ముందు చాలా తక్కువ.

వాగ్నర్‌లోనే యాస తేడాలున్నాయి. మెక్లెన్‌బుర్గ్, పొమెరేనియా వైపు వేగ్నర్. లోయర్ సాక్సనీలో వేగెనర్. ఖండాలు కదులుతాయని 1912లో చెప్పిన ఆల్‌ఫ్రెడ్ వేగెనర్ ఇంటిపేరు ఇదే. ఫుల్డా, ర్యోన్ కొండల దగ్గర మధ్య అక్షరం అరిగిపోయి వేనర్. అచ్చమైన వాగ్నర్ దట్టంగా కనిపించేది సార్‌లాండ్, రైన్‌లాండ్-పాలటినేట్, హెస్సెన్, బవేరియాలలో. సరిహద్దు కూడా దాన్ని ఆపలేదు, ఆస్ట్రియాలోనూ లక్సెంబర్గ్‌లోనూ ఎక్కువమందికున్న ఇంటిపేర్లలో అదొకటి.

ఈ పటాలు ఊహించి గీసినవి కావు. ఫ్రైబుర్గ్, మైన్స్ విశ్వవిద్యాలయాల వాళ్ళు 2005 నాటి ల్యాండ్‌లైన్ ఫోన్ల జాబితా తీసుకుని, పోస్టల్ కోడ్‌ల ప్రకారం లెక్కపెట్టి జర్మన్ ఇంటిపేర్ల అట్లాస్ తయారుచేశారు. సెల్‌ఫోన్లు ల్యాండ్‌లైన్లని మింగేయకముందే ఆ పని జరగడం మంచిదైంది. అయితే అలాంటి పటం చదివేటప్పుడు మూడు చోట్ల పొరబడే ప్రమాదముంది. మొదటిది, ఉత్త సంఖ్యలు చూస్తే ఏ పేరైనా బెర్లిన్, హాంబుర్గ్, మ్యూనిక్‌లోనే ఎక్కువ కనిపిస్తుంది, జనమే అక్కడ ఎక్కువ కాబట్టి. అక్కడి మొత్తం జనంలో ఆ పేరువాళ్ళు ఎంత శాతమో చూడాలి. రెండోది పడమటి జర్మనీలోని రూర్ బొగ్గు గనులు. పందొమ్మిదో శతాబ్దంలో పనికోసం తూర్పు నుంచి వచ్చినవాళ్ళతో అక్కడి పేర్లన్నీ కలగలిసిపోయాయి. మూడోది అన్నిటికంటే పెద్దది. రెండో ప్రపంచ యుద్ధం చివర, ఆ తర్వాత తూర్పు ప్రాంతాల నుంచి కోటీ ఇరవై లక్షల పైచిలుకు జర్మన్లు పారిపోయి వచ్చారు, లేదా వెళ్ళగొట్టబడ్డారు. సిలీసియాలో ఒకేచోట గుంపుగా ఉండాల్సిన పేరు ఇవాళ బవేరియా నుంచి హాంబుర్గ్ దాకా చుక్కలు చుక్కలుగా కనబడితే కారణం అదే.

పేరు పుట్టిన కాలం సంగతీ చెప్పుకోవాలి. పన్నెండో శతాబ్దం దాకా మామూలు జనానికి ఒక్క పేరే. కొలోన్, బాసెల్, రేగెన్స్‌బుర్గ్ లాంటి పట్టణాలు పెరిగి, ఒక్క వీధిలోనే పదిమంది హైన్రిఖ్‌లు అయ్యేసరికి పన్ను రాసుకునే గుమస్తా 'బండి చేసే హైన్రిఖ్' అని గుర్తు పెట్టుకున్నాడు. దక్షిణం, పడమర నుంచి మొదలైన ఈ అలవాటు ఉత్తరానికీ తూర్పుకీ నిదానంగా పాకింది. ఉత్తర సముద్రం ఒడ్డున ఫ్రీస్‌లాండ్ వాళ్ళు తండ్రి పేరునే వెనక తగిలించుకుంటూ, నెపోలియన్ 1811లో శాసనం చేసేదాకా స్థిరమైన ఇంటిపేరు లేకుండానే గడిపారు. పేరు స్థిరపడ్డాక కూడా స్పెల్లింగ్ స్థిరపడలేదు. చర్చి రిజిస్టర్లో ఫాదరీ చెవికి ఎలా వినిపిస్తే అలా, ఒకే కుటుంబంలో అన్న వాగ్నర్, తమ్ముడు వాగెనర్. అప్పటి జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యాలో 1874లో, దేశమంతటా 1876 జనవరి 1 నుంచి పుట్టుకలూ చావులూ ప్రభుత్వం రాసుకోవడం మొదలయ్యాకే స్పెల్లింగ్ గడ్డకట్టింది.

ప్రతి ఊళ్ళోనూ బండి వడ్రంగి ఒకడుంటాడు కాబట్టి ఈ పేరు వందలచోట్ల విడివిడిగా పుట్టింది. సార్‌లాండ్ వాగ్నర్‌కీ బవేరియా వాగ్నర్‌కీ చుట్టరికం ఉండాల్సిన పని లేదు. ఒక వాగ్నర్ ఇంకో వాగ్నర్‌ని పెళ్ళాడితే ఎవరూ ముఖం చిట్లించరు. మన దగ్గర ఒకే ఇంటిపేరంటే ముందు వరస చూస్తాం, ఆ తర్వాతే మిగతా మాటలు. ఈ తేడా తెలియక ఇక్కడివాళ్ళు మన ప్రశ్నని ఒకలా అర్థం చేసుకుంటారు, మనం వాళ్ళ మౌనాన్ని ఇంకోలా.

ఇక పుట్టుక లెక్కగట్టడం. మైన్స్ పట్టణపు చిహ్నంలో ఎర్రటి నేల మీద ఆరాకుల తెల్లటి చక్రాలు రెండు ఉంటాయి. 975 నుంచి 1011 దాకా అక్కడ ఆర్చ్‌బిషప్‌గా ఉన్న విల్లిగిస్ బండి వడ్రంగి కొడుకని, గొప్పింటి ఫాదరీలు వెక్కిరిస్తూ ఆయన గోడల మీద సుద్దతో చక్రాలు గీశారని కథ. ఆయన వాటిని చెరపకుండా, ఎర్రరంగు మీద తెల్లగా చక్రాలు వేయించి, 'నువ్వెక్కడినుంచి వచ్చావో మరవకు' అని రాయించుకున్నాడట. చరిత్రకారులు దీన్ని కథగానే చూస్తారు. కానీ వడ్రంగి కొడుకన్న మాట ఎగతాళి కాగలిగిందని ఆ కథే చెబుతోంది.

కథ కానివీ ఉన్నాయి. పాత రోజుల్లో ఒక్కో చేతిపనివాళ్ళకి ఒక్కో వృత్తి సంఘం ఉండేది, అందులో కుర్రవాణ్ణి పనిలో చేర్చాలంటే జనన పత్రం తేవాలి. పెళ్ళైన దంపతులకి పుట్టాడని, ఆ తల్లిదండ్రులు 'పరువైన' వృత్తివాళ్ళని అందులో రాసి ఉండాలి. తలారి, చచ్చిన పశువుల తోళ్ళు ఒలిచేవాడు, చాలాచోట్ల నేతగాడు, గొర్రెల కాపరి, మంగలి, పిండిమరవాడు పరువులేని వృత్తులవాళ్ళ కింద లెక్క. వాళ్ళ పిల్లలకి సంఘంలో చోటు లేదు. తలారిని తాకితే చేతివృత్తివాడి పరువు పోయేది. తలారి కుటుంబాలు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవాల్సి వచ్చేది. తూర్పు ప్రాంతాల్లో కొన్ని సంఘాలు స్లావ్ జాతివాళ్ళని రానివ్వకుండా 'జర్మన్ పుట్టుక' నిరూపించమనేవి. ఇది మారాలని 1548లోనే చక్రవర్తి శాసనం వచ్చింది, 1731లో మళ్ళీ రావాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత అదే మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే మొదటిది ఎంత అమలైందో తెలుస్తూనే ఉంది. ఎవరైనా ఏ పనైనా చేసుకోవచ్చన్న చట్టం ప్రష్యాలో 1810లో, ఉత్తర జర్మన్ రాజ్యాలన్నిటికీ 1869లో వచ్చింది.

కాబట్టి వాగ్నర్ అన్న పేరు ఇవాళ ఎవరి పుట్టుకనీ చెప్పకపోవడం వెనక చట్టాలున్నాయి, పుట్టుక నుంచి పనిని విడదీయడానికి పట్టిన కొన్ని వందల ఏళ్ళున్నాయి. మందలించిన పెద్దాయన ఈ భాగం కూడా కలిపి చెబితే ఇంకా బాగుండేది.

మనవైపు చూస్తే, కోస్తా జిల్లాల ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళు. కొండపల్లి, నందిగామ లాంటివి. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉండటమూ మామూలే. పనితో వచ్చిన పేర్లు తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ, వడ్ల, కుమ్మరి, చాకలి, మంగలి అని. ఇవి జర్మన్ పేర్లలాంటివే అనుకోవడం సులువు, కానీ కావు. వాగ్నర్ కొడుకు నేతపనికి పోయినా వాగ్నర్‌గానే మిగిలాడు, అలా పేరుకీ పనికీ బంధం తెగింది. మన దగ్గర కొడుకు బ్యాంకులో పనిచేస్తున్నా పేరు కులంగానే వినిపిస్తోంది. అందుకే కొందరు సర్టిఫికెట్లలో ఆ మాట తీయించుకున్నారు. "ఇంటిపేరేంటి బాబూ" అన్న ప్రశ్నలో చుట్టరికం వెతికే ఆప్యాయత ఉంది, పరాయిదేశంలో మనవాడు దొరికాడన్న ఆశ ఉంది. దాని వెనక ఇంకోటి కూడా ఉందని అడిగేవాడికీ తెలుసు, జవాబు చెప్పేవాడికీ తెలుసు. ఏ ఊరని మాత్రమే అడిగితే ఆప్యాయత వరకూ అందుతుంది.

జర్మన్ స్నేహితుల్లో తమ పేరు మూలం వెతుక్కోవాలనుకునేవాళ్ళుంటే, 1876 నుంచి ఇటువైపు వివరాలు ఆ ఊరి జనన మరణాల నమోదు కార్యాలయం రాసుకున్నవి. అంతకు ముందువి చర్చి రిజిస్టర్లవి. ముప్పై ఏళ్ళ యుద్ధంలో, అంటే 1618 నుంచి 1648 దాకా, చాలా రిజిస్టర్లు కాలిపోయాయి, కాబట్టి ఎక్కువమందికి దారి అక్కడితో ఆగుతుంది. వాగ్నర్ అయితే పేరు పట్టుకుని వెతకడం దండగ, తాత పుట్టిన ఊరు తెలిస్తేనే పని మొదలవుతుంది. ఫెల్గెన్‌హౌవర్ లాంటి అరుదైన పేరైతే పాత సాక్సనీ, సిలీసియా ఊళ్ళ దగ్గర మొదలుపెట్టొచ్చు. సిలీసియా రిజిస్టర్లలో మిగిలినవి చాలామట్టుకు ఇప్పుడు పోలండ్ ఆర్కైవుల్లో ఉన్నాయి.