వజ్రపుకొత్తూరు నుంచి వచ్చిన వీడర్

బుధవారం.

వజ్రపుకొత్తూరు వైపు జీడితోట నుంచి పొద్దున్నే ఆటోలో ఒక పవర్ వీడర్, అంటే కలుపు తీసే యంత్రం, నా దగ్గరికి మరమ్మతుకి దిగింది. 196 సీసీ పెట్రోలు ఇంజన్, గాలితో చల్లబడే రకం, బాగా పాతది. "ఇరవై నిమిషాలు తిరిగితే పెనంలా కాలిపోతంది బాబూ, ఆ మీదట టప్పుటప్పుమని పేలతంది." తెచ్చినవాళ్లు చెప్పింది అంతే. అప్పటికే ప్లగ్గు రెండుసార్లు మార్చారు. కార్బరేటర్ స్క్రూ ఎటు తిప్పాలో తెలియక రెండువైపులా తిప్పారు. వేడి వేరు, పేలుడు వేరు అనుకుంటే ఇలాగే అవుతుంది. చాలాసార్లు రెండూ ఒకే జబ్బు.

పానా పట్టే ముందు చెవి పెట్టాలి. కార్బరేటర్ వైపు నుంచి దగ్గినట్టు ఉమ్మితే పెట్రోలు చాలడం లేదు, లేదా లోపలికి పీల్చే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. సైలెన్సర్‌లో పేలితే సిలిండర్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు అక్కడికెళ్లి అంటుకుంటోందన్నమాట. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ మధ్యమధ్య నిప్పు ఇవ్వకపోయినా, పొగని బయటికి వదిలే వాల్వు కారుతున్నా, మాగ్నెట్ చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న కీ జరిగి నిప్పు ఆలస్యంగా పడుతున్నా అదే చప్పుడు. ఈ బండి రెండు చోట్లా పేలుతోంది, ఎక్కువగా కార్బరేటర్ వైపే. పనిచేస్తుండగా, గాలి దారిని తగ్గించే చోక్ సగం మూసి చూస్తే శబ్దం నున్నబడింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అదే చెప్పేసింది. ప్లగ్గు మొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంది, అదీ ఇదే మాట. సరిగా కాలే ఇంజన్‌లో అది బిస్కెట్టు రంగులో ఉండాలి, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువని.

అయినా కార్బరేటర్ జోలికి ముందే పోలేదు. ముందు ఫ్యాన్ కవరు విప్పాలి. చాలామంది వదిలేసేది ఇదే, పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది కదా! లోపల సిలిండర్ రెక్కల మధ్య ఎండు జీడాకు పొడి, గడ్డి, నూనె జిడ్డుతో కలిసి పిడకలా గట్టిపడి ఉంది. ఒక మూల ఎలుక పీచు కూడా. మాగ్నెట్ మీది ఫ్యాన్ విసిరే గాలి రెక్కల సందుల్లోంచి పోతేనే వేడి దిగుతుంది. గాలి కొట్టి వదిలేస్తే ఈ జిడ్డు రాదు, వెదురు పుల్లతో గీకి, బ్రష్‌తో కిరసనాయిలు పట్టించి తుడవాల్సి వచ్చింది. తీసిన కవరు మళ్లీ పెట్టకుండా "గాలి బాగా తగులుతాది" అని నడిపేవాళ్లున్నారు. కవరు లేకపోతే ఫ్యాన్ గాలి పక్కలకి పోతుంది, ఇంజన్ ఇంకా తొందరగా కాలుతుంది.

కవరు విప్పే ఉంది కనుక మాగ్నెట్ కీ కూడా చూశాను. ఈ కీ మెత్తటి లోహం. నట్టు వదులైనా, బ్లేడు రాయికి తగిలి ఇంజన్ హఠాత్తుగా ఆగినా అది కొంచెం కోసుకుపోయి నిప్పు పడే టైమింగ్ తప్పుతుంది. ఇక్కడ అంచులు పదునుగానే ఉన్నాయి. కాయిల్‌కీ మాగ్నెట్‌కీ మధ్య సందు 0.4 మిల్లీమీటర్లకి పెట్టాను.

టాపెట్లు, అంటే వాల్వుల్ని తోసే చోట ఉండే సందులు, చూసేసరికి దొంగ దొరికాడు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట. పీల్చే వాల్వుకి 0.15, పొగ వాల్వుకి 0.20 మిల్లీమీటర్లు ఉండాలి. మొదటిదాన్లో సందు కొలిచే 0.05 రేకు బిగువుగా దూరింది. రెండోదాన్లో అదీ దూరలేదు. సీటు అరిగి వాల్వు లోపలికి దిగేకొద్దీ ఈ సందు తగ్గిపోతుంది. పూర్తిగా పోతే వాల్వు సీటు మీద కూర్చోదు, కూర్చోకపోతే తన వేడిని సీటుకి ఇవ్వలేదు, మంట పక్కనుంచి కారుతుంది. వేడెక్కాక స్టార్టు తాడు లాగితే చేతికి బరువు తగలకపోవడం అందుకే. సందు సరిచేసి లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవాలి, బిగింపులోనే కొంచెం జరిగిపోతుంది.

ఇక కార్బరేటర్. వాళ్లు తిప్పిన స్క్రూ ఖాళీగా తిరిగేటప్పటి పెట్రోలుకే, బ్లేడు మట్టిలో దిగాక పని మెయిన్ జెట్‌ది, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్కది. జెట్‌లో లక్కలా ఎండిన పెట్రోలు సగం దారి మూసేసింది. ఇనప తీగ పెట్టకూడదు, రంధ్రం పెద్దదైపోతుంది. వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు చాలు, తర్వాత క్లీనర్, గాలి. స్క్రూని మెల్లగా చివరిదాకా దించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తెచ్చి మొదలుపెట్టాను. కార్బరేటర్ నట్లు చేత్తో తిరిగేంత వదులు. ప్యాకింగ్ చిట్లి దొంగగాలి పీలుస్తోంది, రెండు ప్యాకింగులూ మార్చాను.

20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా ఇందులో కొంత వాటాదారే. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 చాలు. పాత జెట్టు పెట్రోలు లెక్కకి చేసింది, అందుకే ఈ మిశ్రమంతో ఇంజన్‌కి ఇంధనం కాస్త తక్కువే అందుతుంది. శుభ్రంగా ఉంటే తట్టుకుంటుంది, సగం మూసుకుంటే తట్టుకోదు. జెట్టు రంధ్రం పెంచమని అడిగారు, ఒప్పుకోలేదు.

పాత ఆయిల్ నల్లగా, నీళ్లలా ఉంది. 10డబ్ల్యూ-30 ఆయిల్ 600 మిల్లీలీటర్లు పోశాను. ప్లగ్గు గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. సాయంత్రం పెరట్లో బ్లేడు మట్టిలో దించి నలభై నిమిషాలు నడిపాను. చోక్ పూర్తిగా తెరిచే. దగ్గలేదు, సైలెన్సర్ ఎరుపెక్కలేదు, వేడి మీద తాడు బరువుగానే ఉంది.

ఆటోలో ఎక్కించే ముందు వాళ్ల కుర్రాడు ఫుల్ రేసులో ఉండగానే స్విచ్ కట్టేశాడు. టప్! అందరూ నావైపు చూశారు. ఇది జబ్బు కాదు, నిప్పు ఆగాక కూడా ఇంజన్ రెండు చుట్లు పెట్రోలు పీల్చి వేడి సైలెన్సర్‌లోకి తోసింది. మళ్లీ వేయించి, రేసు దించి ఒక నిమిషం తిరగనిచ్చి, వాడిచేతే కట్టించాను. ఈసారి చప్పుడు లేదు.