పిచ్చుక గూడు: స్తంభం మీదికి పిల్లి దారి ఎక్కడిది?

ఈసారీ పిల్లలు దక్కలేదు. పెరటి స్తంభం మీద నేను పెట్టిన చెక్కపెట్టె గూట్లో పిచ్చుక పిల్లలకు ఈకలు విచ్చుకుని, మరి నాలుగైదు రోజుల్లో ఎగురుతాయనగా, తెల్లవారేసరికి ద్వారం దగ్గర కాసిని నూగు ఈకలు మాత్రమే మిగిలాయి. ఎదురింటి పిల్లి పనేనని రాత్రి కెమెరా తేల్చింది. అయితే అందులో పిల్లి గూటి కప్పు మీద కూర్చుని ఉన్న బొమ్మలే ఉన్నాయి గానీ పైకి ఎలా చేరిందో చూపే బొమ్మ ఒక్కటీ లేదు. వరండా దూలానికి సన్నతీగతో వేలాడదీసిన సార్వా వరికంకుల కుచ్చుకు పిచ్చుకలు రోజూ వస్తున్నాయి, దాని జోలికి పిల్లి రాలేదు.

కొలతలు ఇవి. ఒకటింబావు అంగుళాల జీఐ పైపు మీద గూటి అడుగు నేల నుంచి ఏడడుగుల ఎత్తున ఉంది. పిల్లి పైపు పట్టుకుని ఎక్కకుండా దాని కింద ఆరంగుళాల వెడల్పూ రెండడుగుల పొడవూ గల పీవీసీ గొట్టం తొడిగాను, దాని పైఅంచు అయిదడుగుల మూడంగుళాల దగ్గర ఉంది. ఎలుకల కోసం మన కొబ్బరి చెట్లకు చుట్టే రేకు పిల్లికి చాలదు, ఎందుకంటే పిల్లి ఒళ్ళు సాచి దాని పైకి పంజా వేయగలదు. మొదట గొట్టం మూత అంచు మీద గోటి గీతలు కనిపించడంతో, నేల మీంచి ఎగిరి ఆ అంచు పట్టుకుంటోందని ఊహించి, మూత తీసేసి రెండున్నర అడుగుల వెడల్పున్న రేకు గొడుగును వాలుగా బిగించాను. దాని మీద ఆ తర్వాత ఒక్క గీతా పడలేదు, పిల్లి మాత్రం మళ్ళీ గూటి మీదనే ఉంది. జామకొమ్మ మీంచి దూకుతోందేమోనని దాన్ని కొట్టించినా ఫలితం లేకపోయింది. ప్రహరీ నుంచి గూటికి ఏడడుగుల పైచిలుకు దూరం ఉంది. అక్కడి నుంచి దూకితే గొడుగుకు తగలకుండా కప్పు మీద వాలడం కష్టమని నా అంచనా.

చిక్కుముడి కప్పును దగ్గరగా చూసినప్పుడు కొంత వదిలింది. ఆకుపచ్చ రంగు వేసిన కప్పు మీది అడుగులు పెరటి నల్లమట్టివి కావు, బూడిదరంగువి. వేలితో రుద్దితే సిమెంటు పొడి రాలింది. పక్కవారు పెంకుటిల్లు పడగొట్టి రెండంతస్తుల మేడ కడుతున్నారు. ఆ గోడకు కట్టిన పరంజా సరుగుడు కర్రల్లో ఒకదాని కొస మా ప్రహరీ దాటి లోపలికి వచ్చింది. టేపు పెట్టి చూస్తే కొస ఎత్తు ఎనిమిదడుగులు, అక్కడి నుంచి గూటి కప్పుకు నాలుగున్నర అడుగులు. కింది నుంచి ఎక్కకుండా ఎంత కట్టుదిట్టం చేసినా, పైనుంచి వచ్చే పిల్లికి అది అడ్డే కాదు. కెమెరా ద్వారం వైపే చూస్తోంది కాబట్టి ఇది ఇంకా ఊహే. దాన్ని పరంజా వైపు తిప్పి పెట్టాను.

అసలు పిచ్చుకలు నా చెక్కపెట్టెలకు దిగివచ్చిందే ఆ పెంకుటిళ్ళు పోవడం వల్ల. అంబాజీపేట చుట్టుపక్కల మండువా లోగిళ్ళలో చూరుకూ గోడకూ మధ్య సందులు వాటికి కావలసినన్ని ఉండేవి, శ్లాబు ఇంటి నున్నటి గోడకు ఒక్క కన్నమైనా ఉండదు. పైగా గింజ తినే పక్షే అయినా పిల్లలకు ముఖ్యంగా పురుగులే పెడుతుంది. వరిచేలు రొయ్యల చెరువులైన చోట ఆ మేత కోసం మరింత దూరం వెళ్ళక తప్పదు.

పిల్లి మెడలో ఎదురింటి అత్తయ్యగారు గంట కట్టారు. గంటల మీద నాకు నమ్మకం లేదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు ఇంగ్లండులో పెంపుడు పిల్లుల మీద జరిపి 2021లో ప్రచురించిన పరిశీలనలో గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాంసం ఎక్కువున్న తిండి పెట్టినప్పుడు ఇంటికి తెచ్చే వేట 36 శాతం, రోజూ అయిదు పది నిమిషాలు ఆడించినప్పుడు 25 శాతం తగ్గాయి. రాత్రిపూట లోపల ఉంచమని అడిగితే అత్తయ్యగారు, “మరి ధాన్యం గదిలో ఎలుకల్ని నువ్వు పడతావేంటయ్యా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పాలన్నంతో పాటు చేప తలకాయలు పెట్టడానికి మాత్రం ఒప్పుకున్నారు, సంతలో అవి తెచ్చే పూచీ నాది.

పరంజా విప్పేదాకా స్తంభం మీది గూటి ద్వారం మూసే ఉంచుతాను. తరువాతి గూడు ద్వారం నుంచి అడుగుకు ఏడంగుళాల లోతు, ముందుకు అయిదంగుళాల కప్పు ఉండేలా చేసి, సన్‌షేడ్ల నుంచి పిల్లి దూకలేనంత ఎడంగా, నున్నటి గోడకే తొమ్మిదడుగుల ఎత్తున బిగించాలని ఉంది. ఆన్‌లైన్లో అమ్మే గూళ్ళకు ద్వారం కింద పుల్ల ఒకటి పెడుతున్నారు. పిచ్చుకకు అది అక్కరలేదు, కాకికీ పిల్లికీ పట్టు దొరుకుతుంది. అతుకులకు ఫెవికాల్ మెరైనే వాడతాను, మన తేమకు మామూలు జిగురు ఆగదు. దీనికన్నా మంచి ఆలోచన పక్క మేడలోనే ఉంది: పిట్టగోడ కింద ఒక ఇటుక పట్టే గుల్ల వదిలి, ముందు వైపు 32 మిల్లీమీటర్ల కన్నం ఉంచితే చాలు. మేస్త్రి సుముఖంగానే ఉన్నారు, ఇంటి యజమానిని ఒప్పించాలి, అదీ పూత పని మొదలయ్యేలోగా.