జేబులో .32: హన్మకొండ నుంచి నిర్మల్ దాకా

మే నెల, పొద్దున ఆరు గంటలకు హన్మకొండ చౌరస్తాలో బయల్దేరాం. ముగ్గురు మనుషులు, ఒక కారు, ఒక లైసెన్సు, ఒక .32 పిస్టల్. కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిర్మల్, మర్నాడు అదే దారిన వాపసు. పేల్చే పని ఇందులో లేదు. అది అంతకుముందే హైదరాబాద్‌లో రేంజి మీద 50 తూటాలతో అయిపోయింది. ఈ ప్రయాణం పిస్టల్‌ను మోసి చూడటం కోసం. మన ఎండలో, మన రోడ్ల మీద, ప్యాంటు జేబులో ఈ వస్తువు రెండు రోజులు ఎట్లా ఉంటుందో చూడాలి.

.32 ఎందుకంటే మనకు వేరే దారి పెద్దగా లేదు. 9 ఎం.ఎం. పారాబెల్లం మన దేశంలో నిషిద్ధ బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు), మామూలు లైసెన్సుకు రాదు. మిగిలేవాటిలో ఎక్కువగా దొరికేది .32, అంటే 7.65 ఎం.ఎం. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించిన తూటా ఇది. ఖోల్ (తూటా ఇత్తడి తొడుగు) పొడవు 17 మిల్లీమీటర్లు, గుండు బరువు నాలుగున్నర గ్రాముల చిల్లర. కాన్పూర్‌లో తయారై 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ కూడా .32 బోరే. బరువు అర కిలో, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగే బాధ లేదు. కాని దాని సిలిండర్ జేబులో నిమ్మకాయంత ఉబ్బు చూపిస్తుంది. పిస్టల్ బల్లపరుపుగా పడుకుంటుంది. మా పిస్టల్‌లో మ్యాగజైన్ (తూటాల పెట్టె) నింపి, హోల్‌స్టర్‌తో (పిస్టల్ ఒరతో) కలిపి కూరగాయల త్రాసు మీద పెడితే 800 గ్రాములు దాటింది. లైసెన్సుకు అప్లికేషన్ పెట్టకముందే ఎవరైనా ఒక పని చేయొచ్చు: 800 గ్రాముల ఇసుక చిన్న సంచిలో కుట్టి, వారం రోజులు కుడి జేబులో వేసుకుని తిరగండి. సగం మంది మూడో రోజే మనసు మార్చుకుంటారు.

జేబు సంగతి ముందు తేల్చుకోవాలి. రెడీమేడ్ ప్యాంటు జేబు గుడ్డ పలచన, వారంలో మూల చిరుగుతుంది. వరంగల్‌లో టైలర్ దగ్గర కుడి జేబు విప్పించి, డ్రిల్ గుడ్డ రెండు పొరలు వేయించి, రెండు అంగుళాల లోతు పెంచాం. "గింత లోతు ఎందుకు సార్, ఏం పెట్టుకుంటరు?" అన్నాడు. పెద్ద ఫోను అని చెప్పాం. ఆ జేబులో ఇంకేదీ ఉండకూడదు. తాళంచెవి, చిల్లర, పెన్ను మూత ట్రిగ్గర్ కంచెలోకి దూరిన రోజు తొడకు తూటా తగులుతుంది. ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసే హోల్‌స్టర్ లేకుండా పిస్టల్‌ను జేబులో వేయడం పిచ్చిపని. హోల్‌స్టర్ బయటివైపు చతురస్రంగా ఒక తోలు ముక్క కుట్టి ఉంటే చూసేవాళ్లకు పర్సులా కనిపిస్తుంది. పిస్టల్ లాగినప్పుడు హోల్‌స్టర్ జేబులోనే ఆగిపోవాలి. దానికి అంచున చిన్న కొక్కెం, పైన గరుకు రబ్బరు ఉంటాయి. ఉత్త పిస్టల్‌తో ఇంట్లో ఇరవై సార్లు లాగి చూస్తే తేలిపోతుంది. మాది పదింట రెండు సార్లు హోల్‌స్టర్‌తో సహా బయటికొచ్చింది. గరుకు రబ్బరు ఇంకో పట్టీ అతికించాక ఆగింది.

చాంబర్ (పేలబోయే తూటా కూర్చునే గది) ఖాళీగా, మ్యాగజైన్ నిండుగా. ప్రయాణమంతా ఇదే పద్ధతి. పాత డిజైన్ చిన్న పిస్టళ్లలో చాలావాటికి ఫైరింగ్ పిన్‌ను (తూటాను గుద్దే సూదిని) అడ్డుకునే ఏర్పాటు ఉండదు. సేఫ్టీ మీట ట్రిగ్గర్‌నో, దాని లోపలి కొక్కేన్నో పట్టుకుంటుంది అంతే. మూతి కిందికి పడితే పిన్ తన ఊపుకు తానే ముందుకు పోయి క్యాప్‌ను (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్లను) గుద్దొచ్చు. చాంబర్ ఖాళీ ఉంటే ఆ భయం లేదు. దానికి చెల్లించే ధర స్లైడ్ లాగడం. ఈ బోరు పిస్టళ్లలో ఎక్కువ భాగం బ్లోబ్యాక్ రకం. గొట్టానికీ స్లైడ్‌కూ తాళం ఉండదు, స్లైడ్ బరువూ స్ప్రింగ్ బలమే పేలుడును ఆపాలి. అందుకే పిస్టల్ ఎంత చిన్నదైనా స్ప్రింగ్ మొండిగా ఉంటుంది. చెమట చేతులతో మా ముగ్గురిలో ఒకరికి స్లైడ్ మూడో ప్రయత్నానికి గాని రాలేదు. అది రేంజి మీద, లైసెన్సుదారు పక్కన నిలబడి ఉండగా చేసిన పరీక్ష. రోడ్డు మీద ఇంకొకరి చేతికి ఇవ్వడం అసలు కుదరదు.

ఎల్కతుర్తి, హుజూరాబాద్ దాటేసరికి మొదటి పాఠం. కారులో కూర్చుంటే ముందు జేబు తొడకు అడ్డంగా తిరుగుతుంది, పిస్టల్ మూతి ఎడమ మోకాలి వైపు చూస్తుంది. సీటు బెల్టు పైన బిగుసుకుని ఉంటుంది. కూర్చున్న చోటి నుంచి తీయడం జరగని పని. తీయబోతే మూతి మన కాలిని దాటుకుంటూనే వస్తుంది. డ్రైవర్‌కు జేబు మోత పనికిరాదని అక్కడే రాసుకున్నాం. మోటార్‌సైకిల్ మీద ఇంకా అధ్వానం, గజ్జల్లో గుచ్చుతుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం చేతి తుపాకీని హోల్‌స్టర్‌లో ఒంటికి కట్టుకోవచ్చు, లేదా భుజాన సంచిలో పెట్టుకోవచ్చు. ఎట్లయినా పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. బండి మీదైతే సంచే మేలు. కాని టీ హోటల్ దగ్గర సంచి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోతే అది అదుపు కాదు.

కరీంనగర్ దగ్గర గ్రానైట్ లారీల వెనక అరగంట పాకాం. అద్దాలు మూసినా దుమ్ము ఆగలేదు. బయల్దేరే ముందు నూనె కొంచెం ఎక్కువే పూసిన తప్పు అక్కడ బయటపడింది. నూనె, దుమ్ము, జేబు గుడ్డ నూగు మూడూ కలిస్తే నల్లటి జిగురు. అది స్లైడ్ గాడుల్లోనూ, మ్యాగజైన్ పెదవుల దగ్గరా చేరుతుంది. నూనె వేలి మొన మీద ఒక్క చుక్క, పట్టాల మీద రాసి పొడి గుడ్డతో తుడిచేయాలి. మ్యాగజైన్ లోపల అసలు వేయొద్దు. క్యాప్ దాకా నూనె దిగితే తూటా పేలకపోవచ్చు.

కొండగట్టులో దర్శనం ఇద్దరికే. పిస్టల్‌తో గుడిలోకి పోలేం, కారులో వదిలి పోలేం, స్నేహితుడికిచ్చి పోలేం. లైసెన్సు ఉన్నవాడు గుట్ట కింద చింతచెట్టు నీడన కొబ్బరిబోండాం తాగుతూ కూర్చోవాలి. కోర్టు, ఆస్పత్రి, బ్యాంకు, సినిమా హాలు, పెళ్లి మండపం అన్నిచోట్లా ఇదే సమస్య. పెళ్లి అంటే గుర్తొచ్చింది. ఊరేగింపులో గాల్లోకి పేల్చినవారికి 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రోజూ జేబులో మోయడం అనే మాట వినడానికి బాగుంటుంది గాని, మన రోజులో సగం గుమ్మాలు దానికి మూసే ఉంటాయి. మేం రెండు రోజుల్లో ఆగిన పదకొండు చోట్లలో ఐదింటికి అది లోపలికి రాలేదు.

ఎవరూ చెప్పని విషయం మరుగుదొడ్డి. మన కూర్చునే దొడ్డిలో ప్యాంటు చీలమండల దాకా దించితే జేబు తలకిందులై పిస్టల్ జారుతుంది. ప్యాంటును మోకాళ్ల దగ్గరే ఆపి, జేబు నోరు పైకి ఉండేట్టు ఒక చేత్తో పట్టుకోవాలి. జారితే గాల్లో పట్టుకోబోవద్దు, పడనివ్వాలి. పట్టుకోబోయే వేలే ట్రిగ్గర్ మీద పడుతుంది.

మెట్‌పల్లి దాటి కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం వైపు తిరిగాం. ఈ ఊరి ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయి కత్తులయ్యేది. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ వచ్చి మూసల్లో ఉక్కు తీసే పద్ధతిని రాసిపెట్టాడు. దారి పక్కన ఆగి పిస్టల్‌ను చూసుకుంటే మనకా ఉక్కు గుర్తురాక మానదు. కార్బన్ ఎక్కువున్న ఏ ఉక్కుకైనా చెమట ఉప్పు శత్రువే.

ఆర్మూర్ దాటాక పోలీసు తనిఖీ. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ముందు నోటితో చెప్పాలి: "సార్, లైసెన్సు ఉన్న ఆయుధం ఉంది, ఫలానా జేబులో ఉంది, లైసెన్సు డాష్‌బోర్డులో ఉంది." చెప్పకముందే జేబులోకి చెయ్యి పోనివ్వొద్దు. అసలు లైసెన్సే కావాలి, జిరాక్సు చెల్లదు. అందులో ఏ ప్రాంతం రాసి ఉందో కానిస్టేబుల్ మొదట చూసేది అదే. మాది తెలంగాణ అంతటికీ. అందుకే నిర్మల్‌తో ఆపాం. అదే రోడ్డు ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర. దారి పొడుగునా కల్లు దుకాణాలు పిలుస్తూనే ఉన్నాయి. పిస్టల్ ఉన్నవాడికి అవి కూడా గుడి లెక్కే.

రాత్రి నిర్మల్ లాడ్జిలో దింపే వరుస: మూతి గోడ వైపు, ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ లాగాలి, తర్వాత చాంబర్‌లో చిటికెన వేలు పెట్టి చూడాలి. చాలామంది ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తారు. అప్పటికి మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. ఉత్తదనుకుని ట్రిగ్గర్ నొక్కితే గోడకు చిల్లు. చాంబర్ నింపి మోసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పొద్దున అదే తూటాను ఎక్కించి, రాత్రి దింపి, మళ్లీ ఎక్కిస్తుంటే గుండు ఖోల్‌లోకి కొంచెం కొంచెం దిగిపోతుంది. లోపల జాగా తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. ఈ తూటా మొత్తం పొడవు 25 మిల్లీమీటర్లు. కొత్తదాని పక్కన నిలబెట్టి చూసి, పొట్టిగా అనిపించినదాన్ని పక్కన పెట్టాలి.

మ్యాగజైన్ నింపేటప్పుడు ఇంకొకటి. .32 ఖోల్‌కు అడుగున అంచు కొద్దిగా బయటికి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. మొన గుండ్రంగా ఉండి, పూర్తి పొడవున్న తూటాలతో ఇది తక్కువ, పొట్టి గుండ్లతో ఎక్కువ. ఒక్కో తూటా వేశాక మ్యాగజైన్ వీపును అరచేతి మీద తట్టితే సర్దుకుంటాయి.

హోల్‌స్టర్ లోపలి తోలు తడిసి ఉంది. స్లైడ్ కుడివైపు, సరిగ్గా తొడకు ఆనిన చోట, ఆవగింజంత తుప్పు మూడు చుక్కలు. ఒక్క పగలు. నూనె గుడ్డతో రుద్దితే రెండు పోయాయి, మూడోది గోధుమరంగు మచ్చగా మిగిలింది. ఆ రాత్రి పిస్టల్ తోలులోకి పోలేదు, పొడి నూలు తువ్వాలలో పడుకుంది. స్లైడ్ ఒక సంచిలో, మిగతాది ఇంకో సంచిలో, తూటాలు తలగడ కింద. వాపసు వచ్చేటప్పుడు హోల్‌స్టర్‌కు, తొడకు మధ్య పలచని ప్లాస్టిక్ రేకు కోసి పెట్టాం. హుజూరాబాద్ దాకా చెమట లోపలికి రాలేదు, కాని రేకు అంచు తొడ మీద గీతలు పెట్టింది. అంచులు కాల్చి గుండ్రంగా చేయాలి.