లింకు ఖాళీగా ఉన్నా నెట్ రాకపోతే: ఫ్లో రికార్డులతో నా అనుభవం

నల్గొండ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసుకోవడం నా ఉద్యోగం. సాయంత్రం పిల్లలు హాస్టల్ గదులకు చేరేసరికి వెబ్ పేజీలు తెరుచుకోవడం మానేసేవి; రౌటర్ లెక్కలు తీసి గీసే ఎస్‌ఎన్‌ఎంపీ గ్రాఫు చూస్తే మాత్రం కాలేజీ ఇంటర్నెట్ లింకు సగం కూడా నిండి ఉండేది కాదు. ఆ గ్రాఫు ఇంటర్‌ఫేసు (రౌటర్‌కు లింకు కలిసే చోటు) మీద పోయిన మొత్తం బైట్లనే లెక్కపెడుతుంది. అవి ఎవరివో, ఎటు పోయాయో దానికి తెలియదు. అందుకే రౌటర్ నుంచి ఫ్లో రికార్డులు తీయాలని నిర్ణయించుకున్నాను.

ఒక పరిశీలన స్థానం గుండా, ఒక కాలవ్యవధిలో, ఒకే లక్షణాలతో సాగిన ప్యాకెట్ల సమూహమే ఫ్లో; దాని గురించి రౌటర్ రాసి పంపే లెక్కే ఫ్లో రికార్డు. రౌటర్లు తయారుచేసే సిస్కో 1996లో తెచ్చిన నెట్‌ఫ్లో పద్ధతిలో ఆ లక్షణాలు ఏడు: పంపినవారి ఐపీ, అందుకునేవారి ఐపీ, ఇరువైపుల పోర్టులు (యంత్రంలో ఏ ప్రోగ్రామో చెప్పే సంఖ్యలు), ప్రోటోకాల్, సేవా రకం, లోపలికి వచ్చిన ఇంటర్‌ఫేసు. వీటిలో ఏ ఒక్కటి మారినా అది వేరే ఫ్లో. అడగడం ఒక ఫ్లో అయితే జవాబు ఇంకో ఫ్లో.

నెట్‌ఫ్లో ఐదో వెర్షన్‌లో రికార్డు రూపం మారదు, పాత తరహా చిరునామాలైన ఐపీవీ4 తప్ప మరొకటి తెలియదు. మా క్యాంపస్‌లో కొత్త తరహా ఐపీవీ6 కూడా నడుస్తుంది కనుక ఐపీఫిక్స్ ఎంచుకున్నాను. నెట్‌ఫ్లో తొమ్మిదో వెర్షన్ ఆధారంగా, ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ రూపొందించిన ప్రమాణం అది. ఇప్పుడు అమల్లో ఉన్న దాని పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7011 వచ్చింది 2013లో. ఇందులో రౌటర్ ముందుగా ఒక టెంప్లేట్ పంపి, ఏ గడిలో ఏముంటుందో చెబుతుంది. చేరిందో లేదో చూడకుండా పంపే యూడీపీలో ఆ టెంప్లేట్ దారిలో పోతే, మళ్లీ వచ్చేదాకా రికార్డులు అందుకునే కలెక్టర్ ప్రోగ్రాముకు డేటా అర్థం కాదు. నాకూ మొదట తెర ఖాళీగానే కనబడింది, వచ్చినవి వచ్చినట్టు చూపే టీసీపీడంప్‌లో మాత్రం ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి. టెంప్లేట్ తరచుగా పంపేలా మార్చాక ఆ బాధ తీరింది.

ఇంకా సాగుతున్న ఫ్లో లెక్కను రౌటర్ ఎంతసేపటికోసారి పంపాలో చెప్పే యాక్టివ్ టైమ్‌అవుట్ సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, గ్రాఫు నిజం చెప్పేదీ చెప్పనిదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది. చాలా రౌటర్లలో అది 30 నిమిషాలుగా ఉంటుంది. అంటే అరగంట సాగిన డౌన్‌లోడ్ లెక్కంతా చివరన ఒకేసారి వచ్చిపడి, లేని శిఖరం కనిపిస్తుంది. కలెక్టర్ ఎన్‌ఎఫ్‌క్యాప్‌డీ 5 నిమిషాలకొక ఫైలు రాస్తుంది కాబట్టి టైమ్‌అవుట్‌ను ఒక నిమిషానికి తగ్గించాను.

ఇక అసలు విషయం. ఆ ఫైళ్లను చదివే ఎన్‌ఎఫ్‌డంప్‌లో బైట్ల వరుసలో చూసినప్పుడు అనుమానించదగ్గది ఏదీ కనబడలేదు. ఫ్లోల సంఖ్య ప్రకారం పేర్చగానే హాస్టల్ సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ అన్నిటికంటే పైకి వచ్చింది. దాని రికార్డులన్నీ దాదాపు ఒకే తీరు: గమ్యం పోర్టు 23 (దూరం నుంచి లాగిన్ అయ్యే టెల్నెట్‌ది), ప్యాకెట్లు 1, బైట్లు 40, టీసీపీ జెండాల్లో సిన్ (కనెక్షన్ కోరే గుర్తు) ఒక్కటే, ప్రతిసారీ కొత్త చిరునామా. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని డీవీఆర్‌లను పట్టుకుని, వాటి చేతే ఇతర పరికరాలను వెతికించడం 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసిన పనే. ఒక్కో ప్రయత్నం, లోపలి ఏ పరికరం బయట ఎవరితో మాట్లాడుతోందో గుర్తుంచుకునే రౌటర్ న్యాట్ పట్టికలో ఒక ఎంట్రీ ఆక్రమిస్తుంది, జవాబు రాకపోయినా కాసేపు నిలిచే ఉంటుంది. పగలు మిగిలిన చోటు సరిపోయేది. సాయంత్రం హాస్టల్ ఫోన్లన్నీ తోడయ్యేసరికి పట్టిక నిండిపోయి, కొత్త కనెక్షన్లకు చోటుండేది కాదు.

డీవీఆర్‌ను బయటి నెట్‌కు దూరం చేస్తానంటే వార్డెన్ ఒప్పుకోలేదు. “కెమెరాలు బంద్ అయితే పెద్దసార్ ఊకుంటడా సార్?” అన్నాడు. రికార్డింగ్ లోపలి డిస్కులోనే జరుగుతుందని చూపించాక, డీవీఆర్‌ను వేరే వీల్యాన్‌లో, అంటే విడి నెట్‌వర్క్‌లో పెట్టి, రీస్టార్ట్ చేసి, పాస్‌వర్డు మార్చాను. ఆ సాయంత్రమే పేజీలు మామూలుగా తెరుచుకున్నాయి.

పిల్లల మెసేజ్‌లు కూడా చదువుతున్నామా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. బస్సు కండక్టర్ రాసుకునే ఎస్సార్ కాగితంలో ఏ స్టేజీలో ఎన్ని టికెట్లు కోశాడో ఉంటుంది గానీ ప్రయాణికులు ఏం మాట్లాడుకున్నారో ఉండదు కదా, ఇదీ అంతేనని చెప్పాను. అయినా ఎవరు ఏ సర్వర్‌కు ఎప్పుడు వెళ్లారన్నది కూడా చిన్న సమాచారం కాదు కనుక, పాత ఫైళ్లు వాటంతటవే చెరిగిపోయేలా గడువు పెట్టాను. పెద్ద లింకుల మీద వెయ్యి ప్యాకెట్లకు ఒకటి చొప్పున శాంపుల్ తీయడం మామూలే; మా లింకు చిన్నది కాబట్టి ఆ అవసరం రాలేదు. శాంపుల్ తీసి ఉంటే ఒక్క ప్యాకెట్‌తో ముగిసే ఈ ఫ్లోలలో చాలావరకు రికార్డుకే ఎక్కేవి కావు.